విత్తనపు నిద్ర – విద్యార్థి ఓర్పు

మానవుని మనస్సు ఎల్లవేళలా ఒకే ఉత్సాహంతో పనిచేయదు. సంవత్సరంలో కొన్ని నెలలు చదువు తనంతట తాను సాగిపోతుంది; తెరచిన పుస్తకాన్ని మూయబుద్ధి పుట్టదు. మరికొన్ని నెలలు అదే పుస్తకం, అదే దీపం, అదే విద్యార్థి. కాని ఒక్క పుట దాటడం కొండ దాటడంతో సమానమవుతుంది. కారణమేమని అడిగితే చెప్పలేడు. ఒంట్లో జబ్బు లేదు, ఇంట్లో కలహం లేదు. మనస్సు మాత్రం వేసవి చెరువు వలె అడుగంటి ఉంటుంది. పెద్దలు చూచి సోమరితనమంటారు. తోటివారు చూచి పట్టుదల లేదంటారు. విద్యార్థి తనలో తాను "నా నొసట చదువు రాసి లేదు" అనుకొంటాడు.

ఈ మూడు తీర్పులలోను మిక్కిలి ప్రమాదకరమైనది చివరిది. కళాశాల చదువును నడుమ విడిచిపెట్టేవారిలో పేదరికం వల్ల విడిచేవారున్నారు, ఇంటి బాధ్యతల వల్ల విడిచేవారున్నారు. ఈ రెండూ లేకుండానే, ఇట్టి నిస్తేజమైన రోజులలో తమపై తామే తీర్పు చెప్పుకొని విడిచేవారూ ఉన్నారు. మొదటి రెండు తరగతుల వారికి ధనసహాయం, పెద్దల అండ కావలెను. మూడవ తరగతి వారికి కావలసినది ఒక అవగాహన. ఉత్సాహం లేని కాలమంతా వ్యర్థ కాలం కాదనీ, అందులోనూ జరిగే పని ఒకటి ఉన్నదనీ, ఆ పనికి మనం కాపలా కాయగలమనీ తెలియడమే ఆ అవగాహన. దీనిని బోధించడానికి ప్రకృతిని మించిన గ్రంథం లేదు. అయితే ప్రకృతిని కవిత్వపు కంటితో గాక, వృక్షశాస్త్రపు కంటితో, మన రైతు కంటితో చూడవలసి ఉన్నది. ఈ వ్యాసంలో నేను తలపెట్టినది అంతమాత్రమే.

సహనం, సబర్

మన కళాశాల ఆవరణలో ఓర్పుకు రెండు మాటలు వినవస్తాయి. తెలుగు తరగతిలో సహనం; ఉర్దూ తరగతిలో సబర్. ఈ రెండింటి మూలాలను పరిశీలిస్తే ఒక విశేషం బోధపడుతుంది. సంస్కృతంలో 'సహ్' ధాతువునకు భరించుట అనే అర్థంతో పాటు, ఎదిరించి నిలుచుట, జయించుట అనే అర్థాలు కూడా ఉన్నాయి. అరబ్బీలో సబర్ అనే మాటకు నిగ్రహించుట, అదుపులో పట్టి ఉంచుట అనే అర్థం ఉన్నది. అనగా ఏ భాషలో చూచినా ఓర్పు అంటే చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. అది ఒక క్రియ. రంజాన్ మాసాన్ని సబర్ మాసమని చెప్పుకొనడంలోని ఔచిత్యమూ ఇదే. ఉపవాసమున్నవాడు ఊరక కూర్చోడు. పొలానికి పోతాడు, దుకాణం తెరుస్తాడు, వేళ తప్పక నమాజు చేస్తాడు. ఆకలిని మాత్రం అదుపులో ఉంచుతాడు.

అరబ్బీలో ఇవే మూలాక్షరాలతో కలబందకు కూడా పేరు ఏర్పడినది. ఆ మొక్క నడవడిని చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది. తక్కిన మొక్కలు పగటివేళ ఆకుల మీది సూక్ష్మ రంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. ఆ సమయంలోనే ఎంతో నీటిని ఆవిరిగా కోల్పోతాయి. కలబంద అట్లు చేయదు. ఎండవేళ తన రంధ్రాలను మూసి ఉంచి, చల్లని రాత్రివేళ తెరచి, వాయువును లోనికి తీసుకొని ఆమ్ల రూపంలో దాచుకొంటుంది. మరునాడు వెలుతురు రాగానే, తలుపులు మూసుకొనియే, దాచిన దానితో ఆహారం తయారు చేసుకొంటుంది. పగలు చూచినవారికి ఆ మొక్క ఏ పనీ చేయనట్లే కనిపిస్తుంది. దాని పని వేళ వేరు, అంతే.

నిద్రించే గింజ

గుప్పెడు ఎండు గింజలను చేతిలోకి తీసుకొని చూచినప్పుడు అవి గులకరాళ్ల వలె నిర్జీవంగా తోస్తాయి. కాని అందులో ప్రతి గింజలోను వేరు, కాండం, ఆకు కాగల పిండం మడతపడి ఉన్నది. దాని ప్రక్కనే తొలి రోజులకు సరిపడు ఆహారం నిలువ ఉన్నది. తల్లి మొక్క మీద పండుతున్నప్పుడే గింజ తనలోని నీటిని చాలావరకు విడిచిపెడుతుంది. నీరు తగ్గినకొద్దీ శ్వాసక్రియ మందగించి, కనిపెట్టలేనంత సన్నగిల్లుతుంది. ఖర్చును ఇంతగా తగ్గించుకొన్నందువల్లనే అది నెలల తరబడి, కొన్ని జాతులలో సంవత్సరాల తరబడి ప్రాణం నిలుపుకొనగలుగుతున్నది.

ఈ నిద్రకు ప్రయోజనమేమి? వానకాలపు కోతల సమయంలో తుఫాను వచ్చినప్పుడు మన కోస్తా జిల్లాలలో వరి పంట పడిపోయి నీట నానుతుంది. నిద్రావస్థ లేని వంగడమైతే గింజ కంకి మీదనే మొలకెత్తి తినడానికీ, విత్తడానికీ పనికిరాకుండా పోతుంది. కోసిన పిదప రెండు మూడు వారాలైనా నిద్రించే గుణం ఉన్న వంగడం ఆ ఆపదను తట్టుకొంటుంది. వేరుశనగలోను ఇదే సంగతి. గుత్తి రకాలలో సాధారణంగా నిద్రావస్థ ఉండదు. కోతవేళ వాన పడితే కాయ భూమిలోనే మొలుస్తుంది. తీగ రకాలలో ఆ నిద్ర ఉన్నది. అందుచేతనే వంగడాలను రూపొందించే శాస్త్రజ్ఞులు నిద్రావస్థను లోపంగా ఎంచరు. ఒక సుగుణంగా ఎంచి, ఏరి, వంగడాలలో చేర్చుతారు.

అడవి మొక్కలలో ఈ ఏర్పాటు మరింత విచిత్రమైనది. తుమ్మ, తంగేడు మున్నగు వాని గింజలకు నీరు చొరరాని గట్టి పెంకు ఉంటుంది. తుమ్మకాయలను మేకలు తిని విసర్జించిన గింజలు సులభంగా మొలుస్తాయని పల్లెవారందరూ ఎరుగుదురు. వైశాఖంలో ఒక అకాలపు జల్లు పడినంత మాత్రాన గింజలన్నీ ఒక్కసారిగా మొలకెత్తినట్లయితే, వెనువెంటనే వచ్చే రోహిణి ఎండలకు అన్నీ మాడి, ఆ జాతికే నష్టం వాటిల్లుతుంది. అందుచేత కొన్ని ఈ ఏట మొలుస్తాయి, కొన్ని వచ్చే ఏటికి ఆగుతాయి. రైతు కూడా ఇదే నీతిని పాటిస్తున్నాడు. తొలకరి చినుకుకు తొందరపడి పత్తి గింజ పెట్టరాదనీ, నేల స్వభావాన్ని బట్టి 50 నుండి 75 మిల్లీమీటర్ల వాన కురిసి పదును అయిన తరువాతనే విత్తుకోవలెననీ వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఏటేటా హెచ్చరిస్తుంటారు. ఒక్కనాటి ఉద్వేగంతో పెద్ద పెద్ద ప్రతిజ్ఞలు చేసి, వారం తిరుగకముందే నీరసించే విద్యార్థికి ఇందులో ఒక పాఠం ఉన్నది. ఒక్క జల్లును వర్షఋతువనుకొనరాదు. అట్లే ఒక్క ఎండను అనావృష్టి అనుకొనరాదు.

గింజలే కాదు, జీవులు కూడా ఇట్లే వేచి ఉంటాయి. ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడగానే ఎర్రని పట్టుగుడ్డ ముక్కల వలె నేల మీద కదలాడే ఆరుద్ర పురుగులను చూడని పల్లె బాలుడుండడు. ఉర్దూలో దీనినే బీర్ బహూటీ అంటారు. ఎనిమిది కాళ్లు గల ఈ ప్రాణి సాలెపురుగుల బంధువు. మనకు కనిపించే ఆ కొద్ది రోజులు తప్ప సంవత్సరంలో అధిక భాగం మట్టిలోనే గడుపుతుంది. ఆ కొద్ది రోజులను మాత్రమే చూచి దాని జీవితాన్ని అంచనా కట్టరాదు. పరీక్షాఫలితాలు వెలువడిన నాడు మాత్రమే విద్యార్థిని చూచేవారు సరిగా ఈ పొరపాటే చేస్తారు.

మోడు వారిన మాను

ఫాల్గుణ, చైత్ర మాసాలలో ఆదిలాబాద్ టేకు అడవులలోను, నల్లమలలోను ప్రయాణించేవారికి కొండలన్నీ మోడులతో నిండినట్లు కనిపిస్తాయి. అనావృష్టికి అడవి చచ్చినదని క్రొత్తవారు భ్రమపడతారు. వాస్తవంలో అక్కడ జరిగినది చావు కాదు, పొదుపు. ఆకు ఉన్నంత కాలం చెట్టు ఆకు ద్వారా నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటుంది. నేలలో తడి తరిగిన వేసవిలో ఆ వ్యయాన్ని భరించలేదు. కనుక ఆకును రాల్చుతుంది. అయితే రాల్చడానికి ముందు ఆకులోని నత్రజని, భాస్వరం వంటి విలువైన పోషకాలను దాదాపు సగం వరకు వెనుకకు లాగుకొని కొమ్మలలో భద్రపరుస్తుంది. పిదప ఆకుకాడ మొదట పలుచని పొర ఏర్పడి ఆకు విడిపోతుంది. ఆకు రాలిన చోట గాయం మూసుకుంటుంది. ఆ ప్రక్కనే వచ్చే ఋతువుకు కావలసిన మొగ్గ గట్టి పొలుసుల మాటున సిద్ధంగా ఉంటుంది. ఆకు ఒక్కటైనా లేని కొమ్మల మీద మోదుగ నిప్పుల వంటి పూలను పూయగలగడం ఈ ముందుచూపు వల్లనే.

అడవి ఎరిగిన పల్లెవాడు మోడును చూడగానే గొడ్డలి ఎత్తడు. గోటితో బెరడు కొద్దిగా గీరి చూస్తాడు. లోపల పచ్చదనం కనిపిస్తే చెట్టు బ్రతికి ఉన్నదని విడిచిపెడతాడు. ఈ చిన్న పరీక్షలో గొప్ప వివేకం ఉన్నది. ఎండాకాలంలో చెట్టుకు తీర్పు చెప్పరాదు. అట్లే మనస్సు మోడువారిన రోజులలో జీవితానికి సంబంధించిన పెద్ద నిర్ణయాలు చేయరాదు. కళాశాల మానుకొందునా, పరీక్ష ఫీజు కట్టక విడుతునా, ఎంచుకొన్న శాస్త్రాన్ని వదులుకొందునా అనే ప్రశ్నలకు సమాధానం వాన పడిన పిదప చెప్పుకొనవచ్చును. నిర్ణయం అప్పుడు కూడా అదే అయినచో మంచిదే. అది ఆలోచించి చేసిన నిర్ణయమవుతుంది. ముందుగా చేయవలసినది బెరడు గీరి చూచుట. ఒకప్పుడు ఇష్టమైన ఒక పాఠాన్ని, ఒక లెక్కను, ఒక గజల్‌ను తీసి పది నిమిషాలు చదివి చూడవలెను. లోపల ఏ మూలనైనా పచ్చదనం తగులుతున్నదా? తగిలితే చాలును.

నేల అడుగున జరిగే పని

తాటిచెట్టు మొలిచే తీరు చాలామందికి తెలిసినదే అయినా, దానిలోని అర్థాన్ని ఆలోచించినవారు తక్కువ. భాద్రపదం ప్రాంతంలో రాలిన తాటిపండ్ల టెంకలను పల్లెలలో గోతులలోనో, ఇసుక పాతర్లలోనో పేర్చి మట్టి కప్పుతారు. వారాలు గడుస్తాయి. పైన ఏమీ కనిపించదు. తక్కిన గింజలలో వలె మొలక పైకి రాక, టెంక నుండి ఒక కాడ బయలుదేరి తిన్నగా క్రిందికి దిగుతుంది. పిండాన్ని నేల లోతుకు చేర్చి, టెంకలోని ఆహారాన్ని అక్కడికి తరలిస్తుంది. సంక్రాంతి ప్రాంతంలో పాతర తవ్వితే లభించే తేగలు ఇవే, తెలంగాణలో గేగులంటారు. నాలుగు నెలలుగా పైన ఏమీ లేని చోట క్రింద ఇంత ఆహారం పోగుపడి ఉన్నది! తవ్వకుండా విడిచిన టెంక ఆ లోతున వేళ్లూనుకొని, మరికొన్ని నెలలకు తొలి ఆకును పైకి పంపుతుంది. పిదప కాయ కాయడానికి పన్నెండు, పదిహేను ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పట్టవచ్చును. వర్షాధారపు నేలలలో, ఎవరూ నీరు పోయని గట్ల మీద తరతరాలుగా నిలువగల శక్తి ఈ తొలి లోతు నుండే దానికి సంక్రమించినది.

కంది పైరు కథ దీనికి జోడైనది. మన మెట్ట రైతులు అనాదిగా జొన్నలో కందిని కలిపి విత్తుతున్నారు. ఒకే దినం విత్తిన రెండు పైర్లలో జొన్న వేగంగా ఏపుగా పెరుగుతుంది. కంది మొదటి రెండు నెలలు జొన్న నీడలో బక్కగా, వెనుకబడిన బిడ్డ వలె కనిపిస్తుంది. కాని ఆ కాలంలో దాని వేరు లోతుకు దిగుతూ ఉంటుంది. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించడం ఆరంభిస్తాయి. జొన్న కోత ముగిసి వెలుతురు సోకగానే కంది కొమ్మలు వేసి, వానలు వెనుదిరిగిన తరువాత నేల లోతున మిగిలిన తేమతో పూత పూసి, పుష్య మాఘాలలో కోతకు వస్తుంది.

హైదరాబాద్ చేరువన పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, ఈ రెండు పైర్ల సహజీవనాన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలించినది. అక్కడి శాస్త్రజ్ఞులు 1990లో మరొక రహస్యాన్ని వెల్లడించారు. మన ఎర్ర నేలలలో భాస్వరం ఇనుముతో బిగిసి ఉండి జొన్న వంటి పైర్లకు సులభంగా లభ్యం కాదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లమనే పదార్థాన్ని స్రవించి, ఇనుమును పట్టుకొని, భాస్వరాన్ని విడిపిస్తున్నది. బలమైన పైరుకు చేతకాని పనిని, చిన్నదిగా కనిపించే పైరు చీకటిలో చేస్తున్నదన్నమాట! తరగతిలో తనకంటె వేగంగా సాగే మిత్రుని చూచి క్రుంగిపోయే విద్యార్థి, ఒక్కసారి జొన్నచేనిలోని కందిని తలచుకొనవలెను. ఇద్దరి కోతలూ ఒకే నెలలో రావు.

మూన తిరిగే వారం

వరి నారును పీకి నాటినప్పుడు దాని వేళ్లు కొన్ని తెగిపోతాయి. నాటిన వారం పది దినాలు మడి పాలిపోయి, ఆకులు వ్రాలి కనిపిస్తుంది. ఆ రోజులలో పైరు ఎదగదు. క్రొత్త వేళ్లు వేసుకొంటుంది. ఇది పూర్తి అయి తిరిగి పచ్చబడడాన్నే రైతులు మూన తిరగడమంటారు. అంతవరకు మడిలో పలుచగా నీరు నిలిపి, పైరును కదపకుండా కాపాడుతారు. నారుమడిలో ఎంత ఏపుగా ఉన్నదో, ఇప్పుడెందుకు వాడినదని ఏ రైతూ దానిని నిందించడు. వేళ్లు పట్టినదో లేదో చూతమని మరల పీకి చూడడు.

ఉర్దూ మాధ్యమంలోను, తెలుగు మాధ్యమంలోను ఉన్నత పాఠశాల వరకు చక్కగా చదివి, కళాశాలలో ఆంగ్ల మాధ్యమపు తరగతిలో ప్రవేశించిన విద్యార్థి స్థితి సరిగా ఇదే. నిన్నటి వరకు తరగతిలో మొదటివాడు, నేడు వెనుక బల్లపై మౌనంగా కూర్చుంటాడు. తెలిసిన సంగతినే క్రొత్త భాషలో చెప్పలేక తెలియదనుకొంటాడు. ఇది బుద్ధి తరగడం కాదు. వేళ్లు తెగి తిరిగి పుట్టే కాలం. వరికి పది దినాలు పట్టినచో మనిషికి ఒక సంవత్సరం పట్టవచ్చును. ఆ సంవత్సరంలో అతనికి కావలసినది పలుచని నీరు. అనగా దినానికి పది క్రొత్త మాటలు, సందేహం అడిగితే నవ్వని ఒక మిత్రుడు, అదే పాఠాన్ని మాతృభాషలో ఒకసారి వివరించే ఒక అధ్యాపకుడు.

ఒక కట్టుకథ

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. ఉత్సాహం కలిగించే ఉపన్యాసాలలో చైనా వెదురు కథ ఒకటి తరచుగా వినిపిస్తుంటుంది. ఆ విత్తనం నాలుగేండ్లు ఏ మాత్రం మొలవక, ఐదవ ఏట కొద్ది వారాలలో ఎనభై తొంభై అడుగులు పెరుగుతుందని చెబుతారు. వినడానికి ఇంపుగా ఉన్నా ఇది వాస్తవం కాదు. వెదురు గింజ కొన్ని వారాలలోనే మొలుస్తుంది. మొదటి ఏట సన్నని పుల్ల వంటి కాండాలు వస్తాయి. నేల క్రింది దుంప విస్తరించిన కొద్దీ ఏటేటా మునుపటి కంటె లావైన, పొడవైన కొమ్ములు లేస్తాయి. కొమ్ము లేచిన తరువాత వేగంగా పెరగడం నిజమే. కాని దాని వెనుక కంటికి కనిపించే చిన్న చిన్న కాండాల శ్రమ ఉన్నది. ఈ తేడా చిన్నది కాదు. కట్టుకథను నమ్మిన విద్యార్థి ఏమీ చేయకుండా ఐదవ ఏటి అద్భుతం కొరకు ఎదురుచూస్తాడు. వాస్తవాన్ని ఎరిగినవాడు ఈ ఏటి సన్నని కాండాన్ని సిగ్గుపడక పెంచుతాడు.

నిద్ర వేరు, సోమరితనం వేరు, జబ్బు వేరు

నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషమన్నవారూ వారే. ఈ రెండు మాటలకు పొందిక ఎట్లు? ప్రకృతి దీనికి సమాధానం చెబుతున్నది. నిద్రించే గింజ తనకు కావలసిన మూడింటిని, అనగా తేమను, వేడిమిని, ప్రాణవాయువును నిరంతరం కనిపెట్టుకొని ఉంటుంది. అవి సమకూడిన తరువాత ఆగదు. సోమరి అన్నీ సమకూడిన తరువాత కూడా ఆగుతాడు. ఇంకొక భేదం కూడా ఉన్నది. నిద్రించే గింజ ఖర్చు తగ్గించుకొంటుంది. సోమరి పని మాత్రమే తగ్గించుకొని, నిద్రను, కాలాన్ని, తండ్రి ధనాన్ని దుబారా చేస్తాడు. సెల్‌ఫోను తెర మీద నడిరాత్రి వరకు వ్రేలు జరుపుతూ కూర్చుండుట విశ్రాంతి కాదు. అది వేసవిలో ఆకులు రాల్చక నీరు కారబోసుకొనే చెట్టు చేసే పని.

గింజ నిద్రిస్తున్నదో చచ్చినదో తెలుసుకొనడానికి రైతు మొలక పరీక్ష చేస్తాడు. నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో చుట్టి, వారం దినాలు తడి ఆరకుండా ఉంచి, మొలచినవానిని లెక్కిస్తాడు. ధ్రువీకరించిన వరి విత్తనానికి నూటికి 80, వేరుశనగకు 70 మొలిస్తే చాలునని ప్రమాణాలు నిర్ణయించారు. ప్రభుత్వ ప్రమాణాలు సైతం నూటికి నూరు అడగడం లేదు! మనం మాత్రం సంవత్సరంలోని ప్రతి దినం ఫలవంతం కావలెనని మనస్సును ఎందుకు శాసించవలెను? దీనితోపాటు ఒక కఠిన సత్యాన్ని కూడా ఒప్పుకొనక తప్పదు. కొన్ని గింజలు ఎంత వేచినా మొలవవు. ఓర్పు ఫలానికి హామీపత్రం కాదు. బ్రతికి ఉన్న గింజను చచ్చినదని పారవేయకుండా అది మనలను కాపాడుతుంది. దాని ఉపకారం అంతవరకే. కాని అది చిన్న ఉపకారం కాదు.

మూడవ సంగతి మరింత ముఖ్యమైనది. చెట్టుకు వేసవి నిద్ర వేరు, వేరుకుళ్లు తెగులు వేరు. రెండు వారాలకు మించి దినమంతా దిగులుగా ఉండుట, నిద్ర, ఆకలి చెడుట, ఏ పనిలోను, ఏ మనిషితోను సంతోషం కలుగకపోవుట, బ్రతుకు వద్దనిపించుట, ఇవి ఓర్పుతో తీరేవి కావు. ఇది వైద్యానికి లొంగే జబ్బు. తెగులు పట్టిన పైరుకు నీతిబోధ చేయరాదు, మందు వేయవలెను. ఇట్టి స్థితిలో ఉన్నవారు ఇంటివారికో, అధ్యాపకునికో చెప్పి వైద్యుని చూడవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చును. తెలుగులో కూడా బదులిస్తారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు.

ఎండాకాలపు పనులు

పొలంలో పైరు లేని నెలలలో రైతు ఏమి చేస్తాడు? వేసవి దుక్కి దున్నుతాడు. దున్నినందువల్ల నేలలో దాగిన పురుగుల గుడ్లు ఎండకు నశిస్తాయి, తొలి వాన నీరు లోనికి ఇంకుతుంది. పెంట తోలుతాడు. తెగిన గట్లు వేస్తాడు. పనిముట్లు బాగు చేయించుకొంటాడు. విత్తనాలను ఎండబెట్టి పురుగు పట్టకుండా దాచుతాడు. వీనిలో ఏ ఒక్కటీ పంట కాదు. కాని ఇవి లేనిదే పంట లేదు. వీనికి పెద్ద ఉత్సాహం కూడా అవసరం లేదు. అలవాటు ఉంటే చాలును.

విద్యార్థికి కూడా ఇట్టి ఎండాకాలపు పనులున్నాయి. క్రొత్త పాఠం తలకెక్కని నాడు పాత పాఠపు గమనికలను శుభ్రంగా తిరిగి వ్రాసుకొనవచ్చును. రాలబోయే ఆకు నుండి చెట్టు సారాన్ని వెనుకకు తీసుకొనడం వంటిదే ఇది. పోగొట్టుకొన్న పాఠాలను మిత్రుని అడిగి నకలు చేసుకొనవచ్చును. గ్రంథాలయపు పుస్తకాలు తిరిగి ఇచ్చివేయవచ్చును. లేచే వేళ, పండుకొనే వేళ తప్పకుండా చూచుకొనవచ్చును. ఏ రోజుకు ఆ రోజు ఒక్క పుటైనా చదివి, తేదీ వేసి మూయవచ్చును. గింజ ఎంత నిద్రలో ఉన్నా దాని శ్వాస పూర్తిగా ఆగదు కదా! ఆ ఒక్క పుట విద్యార్థి శ్వాస. దానితో పరీక్షలో ఉత్తీర్ణత లభించదు. కాని చదువుతో సంబంధం తెగిపోదు. సంబంధం తెగనివానికి వాన పడిన నాడు మొదటి నుండి మొదలుపెట్టవలసిన అవస్థ ఉండదు.

కాపలాదారుల ఓర్పు

వేచి ఉండుట విద్యార్థి ఒక్కని ధర్మమే కాదు. గింజ ఓర్చుకొంటే సరిపోదు. దానిని దాచినవాడు కూడా ఓర్చుకొనవలెను. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు 1879లో ఒక ప్రయోగం ఆరంభించాడు. ఇరవై సీసాలలో ఇసుకతో కలిపి పలు జాతుల మొక్కల గింజలను నింపి, తాను పనిచేసే కళాశాల ఆవరణలో పాతిపెట్టాడు. నేలలో గింజ ఎన్నేండ్లు బ్రతుకుతుందో తెలుసుకొనవలెనన్నది ఆయన ఉద్దేశం. మొదట ఐదేండ్లకు ఒక సీసా, పిదప పదేండ్లకు, తరువాత ఇరవై ఏండ్లకు ఒక సీసా చొప్పున తీస్తూ వచ్చారు. బీల్ 1924లో మరణించాడు. ప్రయోగం ఆగలేదు. ఒక తరం అధ్యాపకులు తరువాతి తరానికి ఆ రహస్య స్థలాన్ని అప్పగిస్తూ వచ్చారు. గింజలకు వెలుతురు సోకకుండా రాత్రివేళ తవ్వుతారు. 2021లో తీసిన సీసాలోని గింజలలో కొన్ని, 142 సంవత్సరాల నిద్ర తరువాత మొలకెత్తాయి. చివరి సీసా 2100వ సంవత్సరంలో తీయవలసి ఉన్నది. నేడు దానికి కాపలా కాస్తున్నవారిలో ఎక్కువమంది ఆ దినాన్ని చూడబోరు. తాము చూడబోమని తెలిసి కూడా కాస్తున్నారు.

ప్రతి విద్యాసంస్థా ఇట్టి ప్రయోగమే. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు చదువు చెప్పవలెనని చందాలు ప్రోగుచేసి, గదులు కట్టించి, కళాశాలలు నెలకొల్పిన పెద్దలు, అక్కడ చదువుకొన్న వారందరి అభివృద్ధిని చూచి పోలేదు. వారి బాధ్యతను మోస్తున్న నేటి పాలక వర్గాల వారికి నేను సవినయంగా మనవి చేయునది ఒక్కటే. హాజరు తగ్గిన విద్యార్థి పేరు కొట్టివేయక పూర్వం అతనికి ఒక మొలక పరీక్ష చేయండి. ఒక అధ్యాపకుని పంపి పలుకరించండి. రెండు వారాల తడి ఇచ్చి చూడండి. నియమాలు ఉండవలసినవే, గట్లు లేని మడిలో నీరు నిలువదు. కాని గట్టు వేసినది నీటిని నిలుపుటకే గాని, మొక్కను వెలి వేయుటకు కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! సబర్ ఫలం తీయగా ఉంటుందని ఉర్దూలో సామెత ఉన్నది. ఆ తీపి మాట అందరికీ తెలిసినదే. ఆ ఫలానికి ముందున్న ఋతువులను కూడా తెలిసికొనండి. నీరు తగ్గించుకొన్న గింజను, ఆకు రాల్చి సారాన్ని దాచుకొన్న మానును, నాలుగు నెలలు క్రిందికే పెరిగిన తాటి మొలకను, జొన్న నీడలో వేరు దించిన కందిని జ్ఞప్తియందుంచుకొనండి. ఉత్సాహం వచ్చిన నాడు విశేషంగా శ్రమించండి. రాని నాడు ఒక్క పుట చదివి, తేదీ వేసి, తిన్నగా నిద్రించండి. మీ మీద మీరు తీర్పు చెప్పవలసిన అగత్యం కలిగితే, దానిని ఆరుద్ర కార్తె వరకు వాయిదా వేయండి.